తెల్లబడిన మూకుడు

ఆరో నెలలో కోటేశ్వరికి రక్తం తొమ్మిదిన్నర. ఏడో నెలలో ఎనిమిది పాయింట్ రెండు. ఇవాళ, ఎనిమిదో నెల పడగానే, ఏడు పాయింట్ నాలుగు. ఆ కాగితాన్ని ఇందుమతి మూడుసార్లు చదివింది. ఎన్నిసార్లు చదివితే మాత్రం అంకె పెరుగుతుందా? సైన్సు చదివిన మనిషికి ఆ మాత్రం తెలియక కాదు, మనసు ఊరుకోలేదంతే.

"అసలు తింటోందా ఈ అమ్మాయి?" డాక్టర్ గ్రేస్ కళ్ళజోడు తీసి అంజమ్మను అడిగింది.

కోడలు తినటం లేదన్న మాట అత్తగారికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "తినకపోవటమేందమ్మా! రెండు పూటలా గోంగూరేగా. మా ఇందుమతి దీనికోసమని పెరట్లో ప్రత్యేకంగా పెంచుతాంది. ఏఎన్ఎం నర్సమ్మ చెప్పిందని ఇనప మూకుట్లోనే వండుతన్నా. ఇంకెట్టా పెట్టాలి చెప్పు?"

"మాత్రలు?"

"నా కళ్ళ ముందే మింగిద్ది."

డాక్టర్ పాత కాగితాలు తిరగేసింది. కిందటేడు ఇదే బల్లమీద ఏడో నెలలో కోటేశ్వరి బిడ్డ పోయింది. కోటేశ్వరి కూడా పోయేదే, వెంట్రుకవాసిలో తప్పింది. ఆ సంగతి గదిలో ఉన్న నలుగురికీ తెలుసు కాబట్టి ఎవరూ బిడ్డ మాట ఎత్తలేదు. "పది రోజులు చూద్దాం. ఇంకా తగ్గితే చేర్పించాలి. కిందటిసారిలా రక్తం పోతే ఈసారి ఈ ఒంట్లో పోవటానికి రక్తం లేదు" అంది డాక్టర్.

కోటేశ్వరి తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. పుట్టింట్లో తల్లి లేదు. పురుడు ఎక్కడ పోయాలన్న ప్రశ్న రాగానే "మా ఇంట్లోనే" అన్నది ఆడపడుచు ఇందుమతే. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు పెద్దలు. ఇందుమతి విషయంలో ఆ సామెత ఓడిపోయిందని ఈతచెట్లపాలెం ఊరంతా చెప్పుకునేది. ముప్పయ్యారేళ్ళొచ్చినా పెళ్ళి మాట ఎత్తనివ్వని మనిషి, తమ్ముడు బ్రహ్మయ్య భార్యను మాత్రం కూతురిలా చూసేది. ఆ చూడటంలోనే వచ్చింది చిక్కంతా.

*

ఇందుమతి ఉద్యోగం పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, పట్నం అంచున ఉన్న కూరగాయల పరిశోధన కేంద్రంలో. పదేళ్ళుగా ఆమెది ఒకటే పోరు. ఆ చుట్టుపక్కల నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ. నేలలో ఇనుము ఉంటుంది, మొక్కకు అందదు. విస్తట్లో అన్నం పెట్టి చేతులు కట్టేసినట్టు. ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి.

బాగా మాగిన ఎరువులో హ్యూమిక్ ఆమ్లమనే నల్లటి పదార్థం ఉంటుంది. అది మట్టిలోని ఇనుమును పట్టుకుని వేరు దాకా మోసుకొచ్చి, అక్కడ వదిలేస్తుంది. దారిలో సున్నానికి చిక్కి ఇనుము సగం జారిపోతుంది. ఆ పట్టు గట్టిదైతే? తండ్రి బతికుండగా వేసిన పెంటకుప్ప ముప్పయ్యేళ్ళుగా కదలకుండా ఉంది. దాని అడుగు తవ్వి, బొగ్గులా నల్లబడ్డ ఎరువును క్షారపు నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, ఆ రసం మీద నాలుగేళ్ళు కుస్తీ పట్టింది. చివరికి ఒక రసం దొరికింది. అది ఇనుమును పట్టుకుంటే సున్నం కాదు గదా, వేరు కూడా విడిపించలేదు. ఇనుముతో పాటు తానూ మొక్కలోకి వెళ్ళిపోతుంది.

ఆ రసం పోసిన టమాటా, వంగ, గోంగూర చూసి తీరాలి. ఆకు నల్లపచ్చగా, చెయ్యి వేస్తే దళసరిగా ఉండేది. లేబరేటరీ సహాయకుడు జిలానీ ఆ ఆకును ఎండబెట్టి, కొలిమిలో బూడిద చేసి, ఆమ్లంలో కరిగించి యంత్రానికిచ్చాడు. మామూలు గోంగూరకు నాలుగింతల ఇనుము చూపించింది యంత్రం.

"ప్రయోగం పంట మనిషి నోటికి పోగూడదు, గుంటలో పూడ్చాలని రూలు గదండీ మేడమ్. ఈ ఆకుని చూస్తంటే చేతులు రావట్లేదు" అన్నాడు జిలానీ. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన పూడ్చిన పంటతో ఊరికి భోజనం పెట్టొచ్చు.

ఆయన పూడ్చాడు. పూడ్చనిది ఇందుమతి. కోటేశ్వరికి రెండో నెల అని తెలిసిన రోజే ఒక సీసా రసం సంచిలో వేసుకుని ఇంటికొచ్చి, పెరట్లో నాలుగు మడులు గోంగూర వేసింది. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు. నాలుగింతల ఇనుమున్న కూర చేతిలో పెట్టుకుని రక్తం లేని పిల్లకు పెట్టకపోవటం ఏం న్యాయమని తనకు తానే చెప్పుకుంది.

కోసిన ఆకంతా కోటేశ్వరికే. మిగిలినవాళ్ళకు సంతలో కొన్న కూర. ఇందుమతి గోంగూరంటే చెవి కోసుకునే మనిషే అయినా, పిల్లకు తగ్గుతుందని ఒక్క ముద్ద నోట పెట్టలేదు.

"నీ కూర మహిమేనే అమ్మాయ్" అని అంజమ్మ మురిసిపోయేది. "గోంగూర ఇనప మూకుట్లో వండితే నల్లగా కాటుకలా అవ్వాలా? ఇదేమో ఎర్రగా నిగనిగలాడతంది. మూకుడు తోమే పని గూడా లేదు, దానంతటదే తెల్లబడతంది."

ఇందుమతి నవ్వింది. వినలేదు.

*

ఏడు పాయింట్ నాలుగు కాగితం వచ్చిన సాయంత్రం ఇందుమతి చేసిన పని కొలత పెంచటం. రెండు పూటల కూర మూడు పూటలైంది.

"వదినా, నా మాట రోంత విను" అంది కోటేశ్వరి కంచం ముందు కూర్చుని. "ఈ కూర పుల్లగా ఉండదు. నాలిక పట్టి పీకినట్టుంటది. తిన్న గంటకి కాళ్ళల్లో సత్తువంతా ఎవరో లాగేసినట్టుంటది."

"నోటికి రుచి తెలియని నెలలు ఇవి. మందనుకుని మింగు, కోటీ."

"నాకు వొద్దొదినా."

"నీకోసం కాదు, లోపలున్నదానికోసం."

ఆ మాటకు ఎదురు చెప్పగల ఆడది ఎవరుంటారు? కోటేశ్వరి మింగింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం బట్టలు తీయటానికి పెరట్లోకి వెళ్ళిన ఇందుమతికి కొట్టుగది వెనక మనిషి అలికిడి వినిపించింది. అరుగులకు పూయటానికని తెచ్చి పెట్టిన ఎర్రమన్ను బస్తా పక్కన కోటేశ్వరి గొంతుక్కూర్చుని ఉంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటది నోట్లో?"

"ఏం లేదొదినా."

"నోరు తెరువు."

తెరిచింది. నాలుక మీద మన్ను ముద్ద.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరో నెల్నించీ." కోటేశ్వరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రోజూ చిటికెడంతే. గోంగూర తిన్నాక ఇది నోట్లో ఏసుకోకపోతే ఊపిరాడదు. ఒట్టు, నీ మీదొట్టు."

ఇందుమతికి కోపం నెత్తికెక్కింది. రక్తం ఎందుకు పెరగటం లేదో ఇప్పుడు తెలిసిందనుకుంది. మన్ను తింటే కడుపులో పురుగులు, పురుగులుంటే రక్తం ఎక్కడ నిలుస్తుంది? తను నాలుగేళ్ళు చచ్చీచెడీ ఇనుము పండించి పెడితే ఈ పిల్ల మన్ను తిని పాడుచేసుకుంటోంది! "బిడ్డను నువ్వే చంపుకుంటావా?" అంది. అనకూడని మాట. అనేసింది.

బస్తాను సైకిల్ మీద వేయించి కాలవలో కలిపించింది. "వదినా, రోంత ఉంచొదినా, పిడికెడు ఉంచు" అని కోటేశ్వరి వాకిలి దాకా వెంటబడింది. మరునాడు కిటికీ ఊచలు నాకుతుంటే అంజమ్మ చూసి గుండెలు బాదుకుంది. మంచం కిటికీకి దూరంగా జరిపించారు. ఇంటిల్లిపాదీ కాపలా కాశారు. అందరూ ఆ పిల్ల మంచికే కాశారు.

కాగితం వచ్చిన తొమ్మిదో రోజు పొద్దున కోటేశ్వరి నూతి దగ్గర పడిపోయింది. ఆస్పత్రిలో చూస్తే అయిదు పాయింట్ ఎనిమిది.

*

మొదటి సీసా రక్తం ఎక్కిస్తే సాయంత్రానికి ఏడుకొచ్చింది. తెల్లారి చూస్తే ఆరు పాయింట్ ఒకటి. స్కానింగులో ఎక్కడా రక్తస్రావం లేదు. మలేరియా లేదు. పురుగులు లేవు. పురుగులు లేవన్న కాగితాన్ని ఇందుమతి అడిగి తీసుకుని మళ్ళీ చదివింది గాని, దాని అర్థం అందలేదు.

"ఎక్కించిన రక్తం ఎటు పోతోందో తెలియటం లేదు" అని డాక్టర్ గ్రేస్ వరండాలో చెప్పింది. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న డాక్టరు నోట ఆ మాట వినటం భయంగా ఉంది. "బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. ఆపరేషన్ చేసి బయటికి తీద్దామంటే ఈ రక్తంతో కత్తి పెట్టలేను. ఎనిమిదన్నా కావాలి నాకు."

బ్రహ్మయ్య ఇంకో సీసా కోసం రక్తనిధికి పరుగెత్తాడు. ఇందుమతి స్నానానికని స్కూటర్ మీద ఇంటికొచ్చింది. అంజమ్మ అప్పటికే క్యారేజీ కట్టుకుని పది గంటల బస్సుకు వెళ్ళిపోయింది.

నూతి పక్కన తోమిన గిన్నెలు ఎండలో బోర్లించి ఉన్నాయి. వాటి మధ్య ఒకటి కళ్ళలో కొట్టింది. అమ్మ కొత్త స్టీలు మూకుడు ఎప్పుడు కొన్నదా అనుకుంది ఇందుమతి. దగ్గరికెళ్ళి చూస్తే, చెవి దగ్గర సొట్ట. నాయనమ్మ నాటి ఇనుప మూకుడే అది. అరవయ్యేళ్ళు దోసెలు పోసి, వడియాలు వేయించి తారులా నల్లబడ్డ మూకుడు వెండిగిన్నెలా మెరుస్తోంది.

చేతిలోకి తీసుకుంది. రెండు చేతులతో ఎత్తే బరువు ఇప్పుడు ఒక చేతికే తేలిగ్గా వచ్చింది. ఎండకు ఎత్తి పట్టుకుంది. మూకుడు అడుగు నుంచి సన్నసన్నటి చుక్కలుగా వెలుతురు మొహం మీద పడింది.

ఇందుమతి అక్కడే కూలబడింది.

బూడిద చేసి చూసింది తను. బూడిదలో ఇనుముంది, నిజమే. కొలిమిలో కాలిస్తే ఏ పట్టయినా వదులుతుంది. మనిషి కడుపు కొలిమి కాదు గదా! ఆకులో ఇనుమును పట్టుకున్న రసం పట్టుకునే ఉంది. పట్టు నిండని రసం, ఖాళీ చేతులతో ఇనుముకోసం వెతుక్కుంటూ మూకుడును తిన్నది. మూకుడు తర్వాత దానికి దొరికింది కోటేశ్వరి. ఆ పిల్ల మింగిన మాత్రల్ని, ఒంట్లో రక్తాన్ని, నిన్న ఎక్కించిన సీసాను...

ఫోను తీసి తల్లికి చేసింది. లోపల బియ్యం డబ్బా మీద మోగింది ఫోను. బ్రహ్మయ్యది స్విచాఫ్. డాక్టర్ ఆపరేషన్లో ఉందన్నారు. వార్డు నంబరు ఎవరూ ఎత్తలేదు. అంజమ్మ బస్సు దిగి, నడిచి, వార్డు చేరేసరికి పదకొండు. ఇప్పుడు పదిన్నర దాటింది.

స్కూటర్ తీస్తూ జిలానీకి ఫోన్ చేసింది. "మన మడిలో ఉన్న గోంగూర ఉడికించి, ఆ రసం రెండు గ్లాసుల్లో పోసి పొయ్యి మీద పెట్టండి. రెండిట్లోనూ తుప్పు మేకు వెయ్యండి."

"రెండిట్లోనూ ఒకటేనా అండీ?"

ఇందుమతి నోరు తెరిచి ఆగింది. కొట్టుగది వెనక ఎర్రటి పెదాలు కళ్ళ ముందు మెదిలాయి. ఎర్రమన్నుకు ఆ ఎరుపు ఇనుముతోనే గదా వచ్చేది. "ఒకదాంట్లో చెంచాడు ఎర్రమన్ను కలపండి" అంది. "ఇంకొకటి. సోమవారం పొలాల్లో పోసి చూడమని రైతులకు పంచాల్సిన రసం డబ్బాలున్నాయే, ఒక్కటి కూడా గది దాటకూడదు. తాళం మీ దగ్గరే ఉంచుకోండి."

"రెండొందల మందికి కబురెళ్ళింది మేడమ్. మన కేంద్రం పెద్దాయనడిగితే ఏం చెప్పను?"

"నేను వద్దన్నానని చెప్పండి. కారణం నేనే వచ్చి చెప్తాను."

పట్నం ఆస్పత్రి దాకా ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు మాత్రం గూడ్సుబండి పెట్టెలు లెక్కపెట్టటం గుర్తుంది. ఆస్పత్రి మెట్లెక్కుతుంటే జిలానీ ఫోను.

"మేడమ్, మన్ను లేని గ్లాసులో మేకు తెల్లగా అయిపోయిందండీ, సూదిలాగా. మన్నున్న గ్లాసులో మేకు ఎట్టా ఉన్నది అట్టాగే ఉంది. రసం మన్ను తిని ఊరుకుంది."

*

అంజమ్మ మంచం మీద కూర్చుని, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని ముద్దలు తినిపిస్తోంది. "ఇదొక్కటే, మా తల్లివి గదూ" అంటోంది. ఎర్రటి గోంగూర కలిపిన ముద్ద అప్పుడే కోటేశ్వరి నోట్లోకి వెళ్ళింది.

"ఉమ్మెయ్! కోటీ, ఉమ్ము!"

వార్డంతా తలలు తిప్పింది. కోటేశ్వరికి ఉమ్మే ఓపిక లేదు. ఇందుమతి ఆ పిల్ల దవడ పట్టుకుని, నోట్లో వేళ్ళు పెట్టి ముద్ద బయటికి లాగింది. క్యారేజీ గిన్నెను కింద పడేసింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందే!" అంజమ్మ లేచి నిలబడింది. "అన్నమే అది!"

"అన్నం కాదమ్మా. దీని రక్తమంతా తాగుతున్నది అదే. పండించింది నేను. పెట్టింది నేను." అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. "మన్ను తిని ప్రాణం నిలబెట్టుకుంటుంటే, ఆ మన్ను కూడా నేనే లాక్కున్నాను."

డాక్టర్ గ్రేస్‌కు అంతా చెప్పింది. దేనినీ దాచలేదు.

"ఎవరి అనుమతితో పెట్టారు?"

"ఎవరిదీ లేదు."

డాక్టర్ కేకలు వేస్తే బాగుండేది. వేయలేదు. "ఆ పట్టు నిండేదాకా పోస్తూనే ఉండాలన్నమాట" అంటూ కాగితం మీద రాసుకుంది. "ఒక సీసా దానికి, ఒక సీసా ఈ పిల్లకి. ఇనుము సూదిమందు కూడా ఎక్కిస్తాను. ముందు ఏది నిండుతుందో చూడాలి, మీ రసమో, బిడ్డ ఆయుష్షో."

రక్తం సీసాతో వచ్చిన బ్రహ్మయ్యకు తల్లి చెప్పింది. వాడు అక్క వైపు ఒకసారి చూశాడు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన అక్క. "నువ్వు ఇంటికి పో అక్కా" అన్నాడు.

ఆమె ఇంటికి పోలేదు. గేటు బయట, మందుల కొట్టు అరుగు మీద కూర్చుంది. ఆరు గంటలకొకసారి నర్సు ఒకామె జాలిపడి అంకె చెప్పి పోయేది. ఆరు పాయింట్ మూడు. ఆరు పాయింట్ రెండు. తర్వాత ఆరు పాయింట్ తొమ్మిది. ఏడున్నర. ఎక్కిన అంకె దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి ఎనిమిది దాటింది. మూడు గంటలకు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, కిలో ఏడొందలు. ఏడుపు గేటు దాకా వినపడలేదు గాని, ఏడ్చిందని నర్సు చెప్పింది.

*

ఇందుమతి రాతపూర్వకంగా అంతా ఒప్పుకుంది. డబ్బాలు పగలకొట్టి ఎర్రమన్నులో కలిపారు. ఆమెను ఉద్యోగం నుంచి తప్పించి విచారణ వేశారు. పెరట్లో మడుల మీద రెండు లారీల ఎర్రమన్ను పోయించారు. ఆ రసం నేలలో ఎన్నేళ్ళుంటుందో ఆమెకే తెలియదు. అక్కడ ఏదీ వేయరు.

పిల్లకు నాలుగో నెల వచ్చాక బ్రహ్మయ్య మళ్ళీ అక్కా అని పిలిచాడు. కోటేశ్వరి మొదటి నుంచీ వదినా అని పిలుస్తూనే ఉంది. ఒక్క పొల్లు మాట అనలేదు. కానీ ఆడపడుచు వంటింట్లో ఉంటే ఆకలి లేదనేది. అత్తగారొచ్చి వడ్డించేదాకా ఆకలి అయ్యేది కాదు.

ఒక రోజు అంజమ్మ ఊరెళ్ళింది. ఇందుమతి సంతలో బీరకాయలు కొనుక్కొచ్చి, సత్తుగిన్నెలో కూర చేసి, కంచంలో వడ్డించి కోటేశ్వరి ముందు పెట్టింది. కోటేశ్వరి పిల్లను ఒళ్ళో సర్దుకుంటూ కంచం వైపు చూసింది. చెయ్యి కదల్లేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, పాలిచ్చే తల్లి.

"వదినా" అంది మెల్లగా. గొంతులో కోపం లేదు. "ముందు నువ్వు తిను."

ఇందుమతి ఎదురుగా కూర్చుంది. అదే కంచంలో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆ ముద్ద గొంతు దిగేదాకా కోటేశ్వరి రెప్ప వేయకుండా చూసింది.

"ఎట్టా ఉంది?" అని అడిగింది.

ఆ గోంగూర పెట్టినన్నాళ్ళూ తాను అడగాల్సిన మాట అది. ఇందుమతి గ్లాసు అందుకుంది. నీళ్ళు తాగింది. ఈసారి నాలుక చెప్పింది చెప్పినట్టే చెప్పింది.

"ఉప్పు తక్కువైంది."

కోటేశ్వరి ఉప్పు గిన్నె దగ్గరికి లాక్కుని, చిటికెడు వేసుకుని, అన్నం కలుపుకుంది.